జరిమానాకు కాదు, పాయింట్లకు భయపడతారు: స్పీడ్‌వాచ్‌లో నా అనుభవం

ఇంగ్లండ్‌లో ల్యూటన్‌కు కాస్త ఎడంగా ఉన్న ఒక చిన్న ఊళ్లో మేముంటాం. ఊరి మధ్యలోంచి వెళ్లే రోడ్డు మీద వేగ పరిమితి 30 మైళ్లు, అంటే గంటకు 48 కిలోమీటర్లు. ప్రైమరీ స్కూలు, బస్టాపు, పోస్టాఫీసు కౌంటరున్న కిరాణా కొట్టు అన్నీ ఆ రోడ్డు మీదే. పొద్దున మోటర్‌వే జామ్ అయిందంటే చాలు, ఫోన్ చూపించిన అడ్డదారి పట్టుకుని కార్లన్నీ మా ఊళ్లోంచే పోతాయి.

ఒకరోజు స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ చేతిలోని బోర్డుకు ఒక వ్యాన్ అద్దం తగిలింది. ఆవిడకు దెబ్బేమీ కాలేదు గానీ, చేతి వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టిందట. ఆ సాయంత్రం పేరెంట్స్ గ్రూపు నిండా అదే గొడవ. కెమెరా పెట్టించాలని కొందరు, స్పీడ్ బ్రేకర్లు వేయించాలని కొందరు. కెమెరా అంత తేలిగ్గా రాదు. మనుషులు చనిపోయిన, తీవ్రంగా గాయపడిన రికార్డున్న చోట్లకే ముందు ప్రాధాన్యమిస్తారు. అంటే మా రోడ్డు మీద ముందు ఏదో జరగాలన్నమాట. ఆ మాట చదివాక నాకు కడుపు మండిపోయింది. కమ్యూనిటీ స్పీడ్‌వాచ్‌కు మనుషులు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారని ఎవరో రాస్తే, ఆ రాత్రే పేరిచ్చేశాను.

స్పీడ్‌వాచ్ అంటే పోలీసులు శిక్షణ ఇచ్చిన ఊరివాళ్లు రోడ్డు పక్కన నిలబడి బండ్ల వేగం కొలిచి రాసివ్వడం. జీతం ఉండదు, అధికారమూ ఉండదు. మేము ఎవర్నీ ఆపకూడదు. ఫైన్ వేసే హక్కు లేదు. మేమిచ్చిన షీట్లు చూసి బండి ఎవరి పేరు మీదుందో వాళ్లకు పోలీసులు ఉత్తరం రాస్తారు. మొదటిది సలహాలా ఉంటుంది. మళ్లీ పట్టుబడితే రెండోది కాస్త గట్టిగా ఉంటుంది. అప్పటికీ మారకపోతే ఇంటికి పోలీసు రావచ్చు.

అప్లికేషన్ పెట్టాక గుర్తింపు పత్రాలు చూశారు. ఆన్‌లైన్‌లో పాఠాలు చదివించి ప్రశ్నలకు జవాబులు రాయించారు. ఆ తర్వాత ఒక పోలీసాయన వచ్చి రోడ్డు పక్కనే నిలబెట్టి నేర్పించారు. మెరిసే పసుపు కోటు తప్పనిసరి. చెట్ల చాటున దాక్కోకూడదు, అందరికీ కనబడాలి. పోలీసులు ముందే చూసి ఒప్పుకున్న చోటే నిలబడాలి. చీకట్లో చేయకూడదు. డ్రైవర్లు ఏమన్నా ఎదురు మాట్లాడకూడదు. రాసుకున్న బండి నంబర్లు ఎక్కడా బయటపెట్టకూడదు. ఈ చివరిది ఆయన రెండు మూడుసార్లు చెప్పారు.

పని ముగ్గురిది. ఒకరు రాడార్ గన్ పట్టుకుని వేగం పైకి చెప్తారు. ఒకరు నంబరు ప్లేటు చదువుతారు. మూడో మనిషి రాస్తారు. ఇక్కడి ప్లేటు మీద రెండక్షరాలు, రెండంకెలు, ఆ తర్వాత మూడక్షరాలు ఉంటాయి. కారు మన ముందునుంచి వెళ్లే రెండు మూడు సెకన్లలో అవి పట్టుకోవాలి. బీ, డీ, పీ, టీ గాలిలో ఒక్కలాగే వినిపిస్తాయి కాబట్టి బ్రావో, డెల్టా, పాపా, టాంగో అని చదవాలి. కారు కంపెనీ, రంగు కూడా రాయాలి. పోలీసులు ఆ నంబరును వాహనాల రిజిస్ట్రేషన్ రికార్డుతో పోల్చి, రంగో కంపెనీయో కలవకపోతే ఆ ఎంట్రీని పక్కన పడేస్తారు. మబ్బు పట్టిన రోజున సిల్వర్ కారేదో గ్రే కారేదో చెప్పడం నిజంగా కష్టం. సరిగ్గా పట్టుకున్న కార్లు కూడా అలా రంగు దగ్గర ఎగిరిపోతుంటాయి.

గన్ గురించి తెలుసుకున్న ఒక విషయం నాకు బాగా పనికొచ్చింది. దాన్ని రోడ్డు వెంబడి తిన్నగా పట్టుకుంటే వేగం సరిగ్గా చూపిస్తుంది. ఏటవాలుగా పట్టుకుంటే అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది, ఎక్కువ చూపించదు. కాబట్టి మా చెయ్యి పక్కకు తిరిగినా డ్రైవరుకే లాభం. పైగా 31కో 32కో మేము రాయం. పరిమితికి పది శాతం, దాని మీద ఇంకో రెండు మైళ్లు వదిలేస్తాం. 30 జోన్‌లో 35 దగ్గరే రాయడం మొదలవుతుంది. ఇంత వదిలేసినా షీటు నిండుతూనే ఉంటుంది.

మమ్మల్ని చూడగానే డ్రైవర్లు చేసే మొదటి పని బ్రేకు తొక్కడం. కారు ముక్కు ఒక్కసారిగా కిందికి వంగుతుంది. ఆ వంగడం చూస్తేనే ఎంత వేగంలో వస్తున్నారో గన్ చెప్పకముందే తెలిసిపోతుంది. కొందరు బొటనవేలు ఎత్తి మెచ్చుకుంటారు. కొందరు హారన్ కొడతారు. తిట్టేవాళ్లూ ఉంటారు. వెళ్లి అసలు దొంగల్ని పట్టుకోండి అనే మాట ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు.

ఒకసారి ఒకాయన కారు పక్కకు తీసి, అద్దం దించి, చాలా మర్యాదగానే మొదలుపెట్టారు. "ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నాను. నేషనల్ ఇన్సూరెన్స్, కౌన్సిల్ ట్యాక్స్, బండి ట్యాక్స్, పెట్రోలు మీద డ్యూటీ, ఆ డ్యూటీ మీద మళ్లీ వ్యాట్ కడుతున్నాను. మీకిది చాలలేదా?" అన్నారు. గొంతులో నిజమైన అలసట ఉంది. మా టీమ్‌లో ఒక అకౌంటెంట్ ఆవిడ ఉన్నారు. ఎదురు మాట్లాడకూడదు కాబట్టి ఆవిడ ఒక్క మాటే చెప్పారు: "మేము పంపించే దాని వల్ల మీరు ఒక్క పెన్నీ కట్టక్కర్లేదండీ." ఆయన ముఖంలో కోపం పోయి అయోమయం వచ్చింది. డబ్బు కోసం కాకపోతే మనుషులు చలిలో ఎందుకు నిలబడతారో ఆయనకు అర్థం కాలేదు.

ఆయన ఒక్కరే కాదు, ఇక్కడ సగం మంది స్పీడింగ్ ఫైన్‌ను ఇంకో రకం పన్నుగానే చూస్తారు. పోలీసులు తమ ఖర్చులకు డబ్బు గుంజుతున్నారంటారు. నిజానికి స్పీడింగ్ ఫైన్ సొమ్ము పోలీస్ స్టేషన్‌కు పోదు, ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఫైన్, పాయింట్లకు బదులు కొందరితో చేయించే స్పీడ్ అవేర్‌నెస్ కోర్స్ ఫీజులోంచి మాత్రం పోలీసులకు వాళ్ల ఖర్చు కింద కొంత వస్తుంది. పన్నును మనం తప్పించుకోలేం. ఈ ఫైన్‌ను మాత్రం కాలు కాస్త ఎత్తితే ఎవరైనా తప్పించుకోవచ్చు. దీన్ని పన్ను అనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

కార్లు రాని సమయంలో మేం ముగ్గురం మాట్లాడుకునేవి ఈ విషయాలే. మూడో మనిషి రిటైరైన పోస్ట్‌మన్, పెద్దాయన, పుట్టినప్పటినుంచీ ల్యూటన్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమాని. ఇక్కడ ఫుట్‌బాల్ లేకుండా మాట సాగదు. ఆటగాళ్ల జీతాల మీద మొదలైతే ఆయన ఆపరు. 1961 దాకా ఇంగ్లండ్‌లో ఆటగాడికి వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదనే నియమం ఉండేదని, అది ఎత్తేసిన వెంటనే ఫుల్‌హామ్ కెప్టెన్ జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చారని, ఆ వార్త వాళ్ల నాన్నకు నమ్మశక్యం కాలేదని చెప్పారు. ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో వారానికి లక్షల పౌండ్లు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ఒక్క అలెగ్జాండర్ ఇసాక్‌ను కొనడానికే 12 కోట్ల 50 లక్షల పౌండ్లు పెట్టింది.

"వీళ్లెవరూ సరిగ్గా పన్ను కట్టరు" అని పెద్దాయన అంటే అకౌంటెంట్ ఆవిడ ఊరుకోరు. ఆటగాళ్లూ మనలాంటి ఉద్యోగులే, జీతంలోంచి పన్ను ముందే పట్టుకుంటారు, పై స్థాయిలో వచ్చే ప్రతి వంద పౌండ్లలో 45 ఇన్‌కమ్ ట్యాక్స్‌కు, ఇంకో రెండు నేషనల్ ఇన్సూరెన్స్‌కు పోతాయి అంటారు. అయితే తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు వచ్చే డబ్బును కొందరు సొంత కంపెనీలోకి తీసుకుంటారని, దాని మీద 45 బదులు 25 శాతం కార్పొరేషన్ ట్యాక్స్ పడుతుందని, అదీ చట్టంలో ఉన్న దారేనని ఆవిడే చెప్పారు. పెద్దాయన గెలిచినట్టు తలూపారు.

నాకు కళ్లు తెరిపించింది జీతాల గొడవ కాదు, పాయింట్ల గొడవ. ల్యూటన్ టౌన్ 2008-09 సీజన్‌ను లీగ్ పట్టికలో మైనస్ 30 పాయింట్లతో మొదలుపెట్టింది. పాత డైరెక్టర్లు ఏజెంట్లకు డబ్బు చెల్లించిన తీరు తప్పని 10 కోశారు, దివాలా ప్రక్రియ నుంచి నిబంధనల ప్రకారం బయటికి రాలేదని ఇంకో 20. 30 గెలుచుకుంటే గానీ సున్నాకు రారు. ఆ ఏడాది క్లబ్బు లీగ్ నుంచే బయటికి పోయింది. అయిదేళ్లు చిన్న పోటీల్లో ఆడి 2014లో తిరిగొచ్చింది. 2023లో అన్నిటికంటే పై మెట్టయిన ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది, మరుసటి ఏడాదే దిగింది, ఆపై ఏడాది ఇంకో మెట్టు దిగింది. ఆయన ఈ కథంతా చెప్తూ అన్నారు: "డబ్బు ఫైన్ వేసుంటే ఎవరో ఒక డబ్బున్నాయన కట్టేసేవాడు, నాకిప్పుడు గుర్తు కూడా ఉండేది కాదు. పాయింట్లు తీశారు. అది ఎవరి డబ్బుతోనూ తిరిగి రాదు."

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. పెద్ద క్లబ్బుల సంగతి చూడండి. 2025 జులైలో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, ఖర్చుల నిబంధనలు మీరినందుకు చెల్సీకి 3 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది. అదే వేసవిలో ఆ క్లబ్బు కొత్త ఆటగాళ్లను కొంటూనే ఉంది. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లలో 10 కోట్ల 50 లక్షల పౌండ్లకు మించి నష్టం చూపించకూడదనే నియమం దాటినందుకు 2023-24లో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోశారు. అప్పీలులో అవి ఆరయ్యాయి, తర్వాత ఇంకో కేసులో రెండు పోయాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు నాలుగు పోయాయి. ఆ సీజనంతా ఆ ఊళ్లలో నిద్రపట్టింది లేదు. క్లబ్బులు జరిమానాను ఖర్చుల ఖాతాలో రాసేసుకుంటాయి. పాయింట్లకు మాత్రం గజగజలాడతాయి.

డ్రైవింగ్ లైసెన్స్ సంగతీ అచ్చం అంతే. ఇది నాకు మా తెలుగువాళ్ల మధ్యే బాగా అర్థమైంది. ఉగాదికి స్నేహితులందరం ఒకచోట చేరాం. మగవాళ్ల మాటలన్నీ లక్ష పౌండ్ల గీత చుట్టూనే తిరుగుతున్నాయి. ఇక్కడ జీతం లక్ష దాటితే, పన్ను లేకుండా వదిలేసే మొదటి 12,570 పౌండ్ల మినహాయింపు కొంచెం కొంచెంగా పోతుంది. ప్రతి రెండు పౌండ్లకూ ఒక పౌండు చొప్పున తగ్గి, 1,25,140 దగ్గర పూర్తిగా ఆవిరవుతుంది. ఆ మధ్యలో వచ్చే జీతం మీద లెక్కకు 60 శాతం పన్ను పడినట్టే. చిన్నపిల్లలుంటే డేకేర్‌కు ప్రభుత్వమిచ్చే సాయం కూడా ఆగిపోతుంది. 2021 నుంచి ఈ గీతల్ని పైకి జరపలేదు, జీతాలేమో పెరుగుతున్నాయి. కాబట్టి వీళ్ల బాధలో న్యాయముంది, కాదనను. బోనస్‌ను పెన్షన్‌లో వేసి లక్షకు దిగువ ఆగడమెలాగో పెన్నీతో సహా లెక్కలు చెప్తున్నారు.

ఆ మాటల మధ్యలో మాకు బాగా తెలిసిన ఒకబ్బాయి, తనకు స్పీడింగ్ నోటీసు వచ్చిందన్నాడు. 30 జోన్‌లో 44. "వంద పౌండ్లే కదా అన్నా, కట్టేస్తే పోతుంది" అన్నాడు. వాడు యూకే టెస్ట్ పాసై ఇంకా ఏడాది కాలేదు. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ 12 నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత అందరం మళ్లీ టెస్ట్ పాసవ్వాల్సిందే కదా. నేను పక్కకు తీసుకెళ్లి చెప్పాను: వందతో పాటు లైసెన్స్ మీద మూడు పెనాల్టీ పాయింట్లు కూడా పడతాయి. మామూలు డ్రైవర్‌కు మూడేళ్లలో 12 పాయింట్లయితే బండి నడపకుండా కనీసం ఆరు నెలల నిషేధం. కొత్త డ్రైవర్‌కు మాత్రం మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లయితే చాలు, లైసెన్సే రద్దు. మళ్లీ ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్స్ తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ మొదటినుంచీ రాయాలి. అంటే వాడికి ఇంకొక్క నోటీసు వస్తే అయిపోయింది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ పాయింట్ల సంగతి చెప్పాలి, ప్రీమియం పెరుగుతుంది. వాడి ముఖంలో అప్పుడు కనిపించింది టెన్షన్. వంద పౌండ్లు అన్నప్పుడు లేనిది.

కోర్స్ చేస్తే పాయింట్లు పడవట కదా అని అడిగాడు. అది నిజమే గానీ అందరికీ ఇవ్వరు. 30 జోన్‌లో 35 నుంచి 42 దాకా వెళ్లినవాళ్లకు, గత మూడేళ్లలో ఆ కోర్స్ చేయనివాళ్లకు సాధారణంగా ఇస్తారు. వీడిది 44. రెండు మైళ్ల తేడాలో కోర్స్ చేజారింది. ఇంకెవరో "నీ భార్య నడిపిందని రాసెయ్, ఆమెకు పాయింట్లు లేవుగా" అని సలహా ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. బండి ఎవరు నడిపారో 28 రోజుల్లో నిజం రాసి పంపాలి. పంపకపోతే దానికే ఆరు పాయింట్లు పడతాయి. అబద్ధం రాస్తే జైలు.

ఇది బెదిరింపు కాదు, జరిగిన కథే ఉంది. క్రిస్ హ్యూన్ అని బ్రిటన్‌లో ఇంధన శాఖ మంత్రిగా చేశారు. 2003లో ఎమ్11 మోటర్‌వే మీద ఆయన కారు కెమెరాకు చిక్కితే, ఆ పాయింట్లను అప్పటి భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. ఏళ్ల తర్వాత అది బయటపడింది. ఆయన మంత్రి పదవి పోయింది, ఎంపీ పదవి పోయింది. 2013 మార్చిలో ఇద్దరికీ చెరో ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. ఆయన దగ్గర ఫైన్ కట్టడానికి డబ్బు లేక కాదు ఇదంతా. డబ్బు ఎంత ఉన్నా పాయింట్లను కొనలేరు కనుక.

ఫుట్‌బాల్ వాళ్లలో డేవిడ్ బెక్‌హామ్ కథ మా పెద్దాయనకు కంఠతా వచ్చు. 2018లో లండన్‌లో 40 జోన్‌లో 59 మైళ్ల వేగంతో దొరికారు. నోటీసు 14 రోజుల్లో బండి యజమానికి చేరాలన్నది చట్టం. అది ఒక్కరోజు ఆలస్యంగా చేరిందని ఆయన లాయర్ వాదించి కేసు కొట్టించేశారు. దేశమంతా డబ్బున్నవాళ్లకో న్యాయమా అని మండిపడింది. మరుసటి ఏడాది డ్రైవింగ్ చేస్తూ ఫోన్ వాడినందుకు మళ్లీ కోర్టుకొచ్చారు. ఆ ఫోటో తీసింది రోడ్డు మీద ఉన్న ఒక మామూలు మనిషి. ఈసారి ఫైన్ 750 పౌండ్లు. అది ఆయనకు ఒక లెక్కా? కానీ ఆరు పాయింట్లు పడ్డాయి. అంతకుముందే ఆరు ఉన్నాయి. మొత్తం 12 అయ్యేసరికి ఆరు నెలలు కారు నడపకుండా నిషేధం. పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లడం, తీసుకురావడం కుదిరినప్పుడల్లా ఆయనే చేస్తారని లాయర్ కోర్టులో చెప్పుకోవాల్సి వచ్చింది. అకౌంటెంట్ ఆవిడ దీనికి అడ్డం తగిలారు: డబ్బున్నవాళ్లు డ్రైవర్‌ని పెట్టుకుంటారు, తెల్లవారుజామున షిఫ్ట్‌కు వెళ్లే కేర్ వర్కర్‌కు కారు పోతే ఉద్యోగమే పోతుంది, కాబట్టి పాయింట్లు కూడా సమానం కాదని. ఆవిడ చెప్పింది నిజం. అయినా జరిమానా కంటే పాయింట్లే నయం.

జరిమానాను మాత్రం మార్చాలి. ఇది ఆ రోడ్డు పక్కన నిలబడ్డాకే నాకు గట్టిగా అనిపించింది. కోర్టు దాకా వెళ్తే ఇక్కడ స్పీడింగ్ ఫైన్ ఆదాయాన్ని బట్టే వేస్తారు. 30 జోన్‌లో 40 లోపైతే వారం ఆదాయంలో సగం, 41 నుంచి 50 దాకా ఒక వారం ఆదాయం, 51, ఆ పైనైతే వారంన్నర ఆదాయం. పన్నులు పోను చేతికొచ్చే ఆదాయం మీద ఈ లెక్క. కానీ దానికి పైన మూత పెట్టారు. మామూలు రోడ్ల మీద 1,000 పౌండ్లు, మోటర్‌వే మీద 2,500. వారానికి లక్ష వచ్చే మనిషికీ ఆ వెయ్యే. ఇక కోర్టు దాకా పోని కేసుల్లో అందరికీ ఒకటే వంద. కేర్ వర్కర్‌కు అది ఒక రోజు కష్టానికి పైమాటే. ఉగాది రోజు మేం కూర్చున్న సోఫాల్లో చాలామందికి ఒక పూట రెస్టారెంట్ బిల్లు.

ఫిన్లాండ్‌లో ఈ మూత లేదు. పెద్ద స్పీడింగ్ తప్పులకు అక్కడ రోజువారీ ఆదాయాన్ని బట్టి ఫైన్ వేస్తారు. పోలీసులు పన్ను రికార్డు చూసి లెక్క కడతారు. 2023లో ఆండర్స్ విక్లోఫ్ అనే వ్యాపారవేత్త 50 కిలోమీటర్ల జోన్‌లో 82తో వెళ్లినందుకు 1,21,000 యూరోలు కట్టారు. మనం ఆదాయాన్ని బట్టి పన్ను కట్టడం న్యాయమని ఒప్పుకున్నాం. పిల్లల బడి ముందు 50తో వెళ్లినందుకు మాత్రం అందరికీ ఒకటే రేటని ఎందుకు ఒప్పుకోవాలి? ఆదాయం తక్కువ చూపించి ఆస్తి ఎక్కువున్నవాళ్ల సంగతేమిటి, నిరుటి పన్ను లెక్కతో ఈ ఏడాది ఉద్యోగం పోయినవాడి మీద ఫైన్ వేస్తే ఎలా అని అకౌంటెంట్ ఆవిడ అడిగారు. మంచి ప్రశ్నలే. జవాబులు వెతకాల్సిన ప్రశ్నలు, వదిలేయడానికి సాకులు కావు.

మన దగ్గరి సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో మా బావతో ఫోన్‌లో ఈ పాయింట్ల గురించి చెప్తుంటే, "అక్కడ పాయింట్లేమో గానీ ఇక్కడ డిస్కౌంట్ వచ్చేదాకా ఆగుతాం" అన్నాడు. తెలంగాణలో పేరుకుపోయిన చలాన్లకు 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మళ్లీ భారీగా రాయితీ ఇచ్చారు. టూవీలర్లకు మొదటిసారి 75 శాతం, రెండోసారి 80 శాతం తగ్గింపు. వసూలు బాగానే అయింది. కానీ చలాన్ అంటే ఆగితే తగ్గే బిల్లు అని జనానికి నేర్పినట్టయింది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,000 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్‌లో ఏడాదికి 1,600 చిల్లర. జనాభా తేడా తీసేసినా ఆ అంకెల మధ్య దూరం పూడదు. బావ ఆ రోజు నవ్వేశాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

ఇంతకీ మా షీట్ల వల్ల ఏమైందంటే, ఒక శీతాకాలం మొత్తం రాసినవన్నీ పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటి ఊరి కౌన్సిల్ ముందు పెట్టాం. పొద్దున స్కూలు వేళ ఏ దిక్కునుంచి వచ్చే బండ్లు ఎక్కువ వేగంలో ఉంటాయో అందులో స్పష్టంగా కనబడింది. దాన్ని పట్టుకుని పోలీసుల్ని అడిగితే అప్పుడప్పుడూ కెమెరా వ్యాన్ పంపిస్తున్నారు. వ్యాన్ పట్టుకుంటే అది ఉత్తరం కాదు, అసలు నోటీసు. 30 మైళ్ల దగ్గర కారు ఆగడానికి 23 మీటర్లు కావాలని, 40 దగ్గర 36 మీటర్లు కావాలని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఉంటుంది. మా బస్టాపు నుంచి స్కూలు గేటుకు ఉన్న దూరం ఆ రెండింటికీ మధ్యలో ఉంది. పెద్దాయన టేపు పెట్టి కొలిచి, ఆ లెక్కను కౌన్సిల్ మీటింగులో చదివినప్పుడు ఎవరూ పన్నుల గురించి మాట్లాడలేదు.

యూకేలో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట. మీ ఊళ్లో స్పీడ్‌వాచ్ ఉందో లేదో పారిష్ కౌన్సిల్ క్లర్క్‌ను అడిగితే చెప్తారు, లేదా మీ కౌంటీ పోలీస్ వెబ్‌సైట్‌లో చూడండి. ఒక సెషన్ సుమారు గంట. ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకోకండి, బ్రావో డెల్టా పద్ధతి ఉన్నదే అందుకు. ల్యూటన్ చుట్టుపక్కల ఉండేవాళ్లయితే, మా టీమ్‌కు గురువారం పొద్దున స్కూలు వేళ నిలబడే మనిషి ఇంకొకరు కావాలి. పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ ఉంది, వేసవి దాకా రాలేరు.